కడుపులోని కానరాని రక్తస్రావము: కెమెరా గుళిక పరీక్ష

పొలము పనులు చేసికొనుచు ఏ జబ్బును ఎఱుగని అరువదియేండ్ల రైతు ఒకడు, కొన్ని నెలలుగా నాలుగడుగులు వేయగనే ఆయాసపడుచున్నాడనుకొందము. ముఖము పాలిపోయినది. క్రింది కనురెప్పను లాగి చూచిన లోపల ఎఱుపు లేదు. వైద్యశాలకు పోగా హిమోగ్లోబిన్ 6 గ్రాములని తేలినది. రక్తమెక్కించి, ఐరన్ మాత్రలిచ్చి పంపిరి. మూడు నెలలకు మరల అదే స్థితి. ఈసారి నోటిగుండా గొట్టము పంపి జీర్ణాశయమును చూచిరి. మలద్వారముగుండా గొట్టము పంపి పెద్దప్రేగును చూచిరి. రెండింటను దోషమేమియు కానరాలేదు. రక్తము పోవుచున్నదనుట నిశ్చయము. ఎచ్చట పోవుచున్నదో తెలియదు.

ఇట్టి రోగులు అరుదు కారు. జీర్ణమండలమునుండి రక్తము పోవువారిలో నూటికి సుమారు ఐదుగురి విషయమున ఈ రెండు పరీక్షలును కారణమును చూపజాలవు. వారిలో పెక్కుమందికి రక్తము స్రవించు తావు చిన్నప్రేగునందుండును. చిన్నప్రేగు లోతట్టును కోత లేకుండ మొదలునుండి తుదివఱకు చూచుటకు 2001వ సంవత్సరము మొదలు వైద్యులకు లభించిన సాధనము మింగెడి కెమెరా గుళిక. దానినే క్యాప్సూల్ ఎండోస్కోపీ యందురు.

చెంచాడు రక్తము

గాయమునుండి కారు రక్తము కంటికి కనబడును గావున ఎవరైనను జాగ్రత్త పడుదురు. ప్రేగులోపల స్రవించు రక్తము అట్లు కాదు. ఆరోగ్యవంతుని మలమునందును దినమునకు ఒక మిల్లీలీటరు వఱకు రక్తము పోవుచునే యుండును. అది ఐదు మిల్లీలీటర్లకు, అనగా ఒక చిన్న చెంచాకు, పెరిగినను మలము రంగు మాఱదు, నొప్పియుండదు. కాని లెక్క వేసి చూచిన దాని బరువు తెలియును. ఒక మిల్లీలీటరు రక్తమునందు సుమారు అర మిల్లీగ్రాము ఇనుము కలదు. దినమునకు చెంచాడు రక్తము పోయిన రెండున్నర మిల్లీగ్రాముల ఇనుము పోవును. మనము తిను ఆహారమునుండి దేహము గ్రహింపగల ఇనుము సాధారణముగా దినమునకు ఒకటి రెండు మిల్లీగ్రాములకు మించదు. రాబడికంటె ఖర్చు హెచ్చైన ఇంటివలె దేహము మొదట నిలువను తినివేయును. నిలువ తీరినపిదప రక్తహీనత బయటపడును. అట్టి చెంచాల లెక్క ఏడాదికి లీటరున్నరకు పైబడును. పెద్దవారి దేహమందుండు రక్తమంతయు ఐదు లీటర్లేకదా!

రక్తము ఎక్కువగా పోవునపుడు మలము తారువలె నల్లగా, జిగటగా, చెడువాసనతో నుండును. ఇక్కడ ఒక చిక్కు కలదు. ఐరన్ మాత్రలు వాడువారి మలము కూడ నల్లబడును. మాత్రలవలననే యిట్లయినదని రోగి ఊరకుండుట, లేక మాత్రల సంగతి చెప్పక వైద్యుని కలతపెట్టుట, రెండును జరుగుచున్నవి. మాత్రల నలుపు ఆకుపచ్చ ఛాయతో గట్టిగా నుండును. రక్తపు నలుపు మెఱుపుతో జిగటగా నుండును. అయినను తేడాను తానే నిర్ణయింపక, చూచినది చూచినట్లు వైద్యునకు చెప్పుట మేలు. మలము సంగతి నలుగురిలో చెప్పుకొనుటకు సంకోచించువారు మనదేశమున హెచ్చు. వైద్యుని యెదుట ఆ సంకోచము తగదు.

చూపు చేరని ఆఱు మీటర్లు

నోటిగుండా పంపు గొట్టము ఆహారవాహికను, జీర్ణాశయమును దాటి ఆంత్రమూలము వఱకు పోగలదు. క్రిందినుండి పంపు గొట్టము పెద్దప్రేగు అంతయు చూచి, చిన్నప్రేగు చివరి కొద్ది అంగుళములను తొంగిచూడగలదు. ఈ రెండింటి నడుమ చుట్టలు చుట్టుకొని సుమారు ఆఱు మీటర్ల చిన్నప్రేగు మిగిలిపోవును. అది ఒకచోట నిలువదు. అనుక్షణము ముడుచుకొనుచు, జాఱుచు, మెలికలు తిరుగుచుండును. గొట్టమును ముందునకు త్రోసినకొలది ప్రేగు చుట్టలు సాగునేకాని కొన ముందునకు సాగదు.

పూర్వము బేరియము త్రాగించి ఎక్స్‌రేలు తీసెడివారు. కంతులు, ఇఱుకులు కొంతవఱకు తెలిసెడివి. రక్తనాళపు చిన్న దోషము ప్రేగుగోడపై ఎఱ్ఱని చుక్కవలె నుండును. అది నీడలలో పడునది కాదు. తుదకు కడుపు కోసి, శస్త్రవైద్యుడు ప్రేగును చేతితో ఎండోస్కోపుపైకి ఎక్కించుచుండ లోపల చూచుట యొక్కటే మార్గమై యుండెను. రక్తస్రావపు తావు తెలియుటకే ఒక పెద్ద శస్త్రచికిత్స!

గుళిక పుట్టుక

మింగిన వస్తువు లోపలినుండి సంకేతములు పంపవలెనను తలంపు క్రొత్తది కాదు. 1957లోనే స్వీడను దేశమున జేకబ్‌సన్, మకే అను ఇరువురు శాస్త్రజ్ఞులు ప్రేగులోని పీడనమును తెలుపు చిన్న రేడియోగుళికను వర్ణించిరి. అదే సంవత్సరమున అమెరికాలో బాసిల్ హిర్షోవిట్జ్ గాజునారలతో చేసిన వంగెడి ఎండోస్కోపును మొదట తన గొంతులోనే దింపుకొనెను. ఒకటి మింగునది, రెండవది చూచునది. ఈ రెండు దారులు కలియుటకు నలువదేండ్లకుపైగా పట్టినది.

1981లో గావ్రియేల్ ఇద్దాన్ అను ఇజ్రాయెలు ఇంజనీరు బోస్టను నగరమున ఉండెను. తనదేశమున క్షిపణులకు దారిచూపు కంటివంటి పరికరములను నిర్మించుట ఆయన వృత్తి. జీర్ణకోశ వైద్యుడైన ఏటన్ స్కాపా అచ్చట ఆయనకు పొరుగువాడు. చిన్నప్రేగును చూడలేకపోవుచున్నామని వైద్యుడు వాపోగా, క్షిపణి ముక్కున ఉండు కన్నును గుళికలో నెందుకు పెట్టరాదని ఇంజనీరు ఆలోచించెను. ఆలోచన చక్కనిదే, కాని ఆనాటి కెమెరా భాగములు విద్యుత్తును విపరీతముగా మ్రింగెడివి. గుళికలో పట్టు బ్యాటరీ కొద్ది నిమిషములు కూడ నిలిచెడిది కాదు. 1990ల దశకములో స్వల్పవిద్యుత్తుతో పనిచేయు సీమాస్ అను క్రొత్తరకపు చిత్రగ్రాహకములు వచ్చినపిదపనే ఆ తలంపు కార్యరూపము దాల్చినది. లండనులో పాల్ స్వెయిన్ అను వైద్యుడు వేఱుగా ఇదే ప్రయత్నమున నుండెను. ఇరువురును కలిసి పనిచేసిరి. 1999లో మొదటి గుళికను మింగినవాడు స్వెయినే. 2000 మే నెలలో నేచర్ పత్రికయందు ఈ వార్త వెలువడినది. 2001 ఆగస్టులో అమెరికా ప్రభుత్వ ఔషధసంస్థ దీనిని అనుమతించినది.

ఈ గుళిక పొడవు సుమారు 26 మిల్లీమీటర్లు, అడ్డుకొలత 11 మిల్లీమీటర్లు. బరువు నాలుగు గ్రాములకు లోపు. ఒక కొనయందు అద్దపు గోపురమువంటి మూత, దాని వెనుక కటకము, చుట్టును చిన్న తెల్లని దీపములు, లోపల చిత్రగ్రాహకము, బ్యాటరీ, రేడియోప్రసారిణి. మొదటి గుళికలు సెకనుకు రెండు చిత్రములు తీసెడివి. ఎనిమిది గంటలకు లెక్కించిన 57,600 చిత్రములు! తరువాత వచ్చినవానిలో కొన్ని, ప్రేగులో వేగముగా కదలునపుడు సెకనుకు ఆఱు చిత్రములు, నెమ్మదిగా కదలునపుడు రెండు తీయును. గుళికకు స్వంత చలనము లేదు. అన్నమును ముందునకు నెట్టు ప్రేగుకదలికయే దానిని నెట్టును. గొట్టమును త్రోయుట యుద్ధము. గుళికను విడిచిపెట్టుట ఏటిలో పడవను విడిచినట్లు.

పరీక్ష జరుగు విధము

ఐరన్ మాత్రలను వైద్యుడు చెప్పిన ప్రకారము కొన్ని దినములు ముందుగానే ఆపవలెను. వాని నల్లని మడ్డి ప్రేగుగోడకు పట్టి చూపును కప్పును. ముందునాడు తేలికయైన ద్రవాహారము తీసికొని, ప్రేగు శుభ్రపడు మందు త్రాగి, రాత్రినుండి పది పండ్రెండు గంటలు ఏమియు తినకుండ ఉండవలెను. ఉదయమున నడుముకొక పట్టీ కట్టుదురు, లేక కడుపుపై సంకేతగ్రాహకములను అతికింతురు. వానినుండి తీగలు భుజమునకు తగిలించిన చిన్న పెట్టెకు పోవును. చిత్రములు అందులో చేరును. గుళికను గ్రుక్కెడు నీళ్లతో మ్రింగవలెను. మత్తుమందు లేదు, సూది లేదు. రెండుగంటల పిదప పలుచని పానీయములు, నాలుగుగంటల పిదప స్వల్పాహారము తీసికొనవచ్చును. నడువవచ్చును, కూర్చుండి చదువుకొనవచ్చును. బరువులెత్తుట, వంగి చేయు శ్రమ కూడవు.

గుళిక సాధారణముగా గంటలోపల జీర్ణాశయమును దాటి, చిన్నప్రేగును సుమారు నాలుగు గంటలలో దాటును. ఎనిమిది గంటల తరువాత పెట్టెను విప్పి, అందలి చిత్రములను కంప్యూటరులోనికి ఎక్కింతురు. గుళిక ఒకటి రెండు దినములలో మలముతో బయటికి పోవును. దానిని తిరిగి ఇయ్యనక్కఱలేదు. ఒకరు వాడిన గుళికను మఱియొకరికి వాడరు. వ్యయమధికమగుటకు ఇదియు నొక కారణము.

కష్టము రోగికంటె వైద్యునకే యెక్కువ. వేలకొలది చిత్రములను రెప్పవాల్చక చూడవలెను. రక్తనాళపు దోషము ఒకటి రెండు చిత్రములలో మాత్రమే కనబడి మాయమగుటయు కలదు. ఎఱుపు కనబడినచోట గుఱుతుపెట్టు ఉపాయము కంప్యూటరునందు మొదటినుండియు ఉన్నది. ఇటీవల చిత్రములను తానే జల్లెడపట్టి అనుమానింపదగినవానిని వేఱుచేయు కృత్రిమమేధయు వచ్చినది. 2019లో ప్రకటితమైన చైనాదేశపు పరిశీలనయందు, వైద్యులు పాతరీతిని ఒక్కొక్క పరీక్షను చదువుటకు సగటున 96 నిమిషములకు పైగా పట్టగా, యంత్రసహాయముతో ఆఱు నిమిషములలోపల చదువగలిగిరి. తుదినిర్ణయము మాత్రము వైద్యునిదే.

గుళిక చూపునవి

వయసు మీఱినవారిలో తఱచుగా కనబడునది ఆంజియోఎక్టేసియా యను దోషము. ప్రేగుగోడలోని సన్నని రక్తనాళములు ఉబ్బి, సాలెపురుగు కాళ్లవలె విచ్చుకొని, పలుచబడి, అప్పుడప్పుడు చిట్లి రక్తమును జార్చును. మూత్రపిండములు చెడినవారిలోను, గుండెయందలి బృహద్ధమని కవాటము ఇఱుకైనవారిలోను ఇది హెచ్చు. ఈ కవాటదోషమునకును ప్రేగు రక్తస్రావమునకును గల పొత్తును 1958లో హైడ్ అను అమెరికా వైద్యుడు గమనించి వ్రాసెను.

రెండవది నొప్పిమాత్రల చేటు. మోకాళ్లకు, నడుమునకు మందుల దుకాణమున తమంతట కొని మింగు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి మాత్రలు కడుపులో పుండ్లు చేయునని చాలమందికి తెలియును. కడుపును కాపాడుటకు గ్యాసు మాత్ర జతచేసికొన్నచో భయము లేదని తలంతురు. ఆమ్లమును తగ్గించు మాత్ర జీర్ణాశయమునకు రక్ష. క్రిందనున్న చిన్నప్రేగునకు కాదు. ఏండ్లతరబడి ఈ మాత్రలు వాడినవారి చిన్నప్రేగులో పుండ్లును, గాజుపళ్లెమునకు చిల్లి పొడిచినట్లుండు పలుచని అడ్డుతెరలును గుళిక చిత్రములందు కనబడుచున్నవి. మొదట చెప్పిన రైతువంటివాని విషయమున వైద్యుడు ముందుగా అడుగవలసినదియు, రోగి దాపఱికము లేక చెప్పవలసినదియు ఈ మాత్రల సంగతియే.

మనదేశమున మఱి రెండు కారణములు కలవు. ఒకటి ప్రేగు క్షయ. 2003లోనే హైదరాబాదు వైద్యులు చిన్నప్రేగు క్షయ గుళిక చిత్రములందెట్లు కనబడునో ఎండోస్కోపీ అను అంతర్జాతీయ పత్రికలో ప్రకటించిరి. రెండవది కొంకిపురుగు. చెప్పులు లేక తడినేలపై నడుచువారి పాదములగుండా దూరి, చిన్నప్రేగునకు చేరి, గోడను కఱచి పట్టుకొని రక్తము త్రాగు సన్నని పురుగిది. పురుగులలో పెద్దజాతిది ఒక్కొక్కటి దినమునకు 0.2 మిల్లీలీటరు వఱకు రక్తమును పోగొట్టును. పాతిక పురుగులున్న, చెంచాడు రక్తము నిండినట్లే. ఎన్ని పరీక్షలకును చిక్కని రక్తహీనతకు కారణమైన కొంకిపురుగులు గుళిక చిత్రములందు ప్రేగుగోడనంటి కదలుచు కనబడిన సందర్భములు మనదేశపు వైద్యులు వ్రాసియున్నారు. వీనికి అల్బెండజోల్ మాత్ర చాలును. ఇంత చౌకయైన మందుతో కుదురు జబ్బును ఇంత వెలగల సాధనముతో కనుగొనుట విచిత్రము. అందుచే మలపరీక్ష ముందుగా చేయించుట మఱవరాదు. పలుచగా నున్నపుడు పురుగు గ్రుడ్లు ఒక్క పరీక్షకు చిక్కకపోవచ్చును గనుక రెండు మూడుమార్లు చేయింపవలెను.

ఇవిగాక క్రోన్స్ వ్యాధి పుండ్లు, కంతులు, పిల్లలలోను యువకులలోను మెకెల్ తిత్తి కారణములు కావచ్చును. నడివయసు రాకమునుపే అకారణముగా రక్తము పోవుచున్నచో కంతిని అనుమానింపవలెను.

ఎప్పుడు చేయింపవలెను

గుళికకు ముందు చేయవలసిన పని ఒకటి కలదు. కానరాని రక్తస్రావమని పేరుబడినవానిలో కొన్ని నిజమునకు మామూలు గొట్టమునకు అందు తావులలోనే యుండి మొదటిసారి కంటబడనివి. కావున ఆ పరీక్షలను నిపుణుడు మరల చేయుట అవసరమా యని వైద్యుడు మొదట ఆలోచించును.

ఆ పిమ్మట ఆలస్యము తగదు. ఇటలీలో నూఱుగురు రోగులకు గుళిక పరీక్ష చేసి 2004లో ప్రకటించిన ఫలితములు ఈ విషయమున కన్నులు తెఱపించినవి. రక్తము పోవుచుండగానే పరీక్షింపబడిన 26 మందిలో 24 మందికి కారణము తెలిసినది. పూర్వము కనబడునట్లుగా రక్తము పోయి, పరీక్షనాటికి ఆగిపోయిన 31 మందిలో నలుగురికే తెలిసినది. రక్తహీనతయేకాని రక్తము కంటికి కనబడని 43 మందిలో 19 మందికి తెలిసినది. నిప్పు ఆరినపిదప పొగ జాడ వెదకినట్లు, రక్తము ఆగినపిదప చిన్నదోషము చిక్కుట కష్టము. నల్లమలము కనబడినపుడు రెండు దినములలో తగ్గినది గదాయని వారములు గడపి వచ్చువారు ఈ లెక్కను మనసునందుంచుకొనవలెను. కంటికి కనబడు రక్తస్రావమైనచో వీలైనంతవఱకు 48 గంటలలోపల గుళికను మింగించుట మేలని ఐరోపా జీర్ణకోశ ఎండోస్కోపీ సంఘము 2022లో సూచించినది. గుళిక సదుపాయము లేని పట్టణమునందలి వైద్యుడు రోగిని పంపదలచినచో త్వరగా పంపవలెననుట దీనివలన తేలును. అయితే రక్తము ధారగా పోవుచు నాడి బలహీనపడినవానికి గుళిక కాదు కావలసినది, ముందుగా ప్రాణరక్షణ.

గుళిక లోపల నిలిచిపోయినచో

ఇది జనులు మొట్టమొదట అడుగు ప్రశ్న, అడుగదగినదే. 2010లో ప్రకటింపబడిన యొక సమీక్షయందు 22,840 పరీక్షలను కలిపి చూడగా, నూటికి ఒకరిద్దరిలో, సరిగా చెప్పిన 1.4 వంతున, గుళిక లోపల నిలిచిపోయినది. రెండు వారములు దాటినను బయటికి రానిచో నిలిచిపోయినట్లు లెక్క. సాధారణముగా అది క్షయవలననో, క్రోన్స్ వ్యాధివలననో, నొప్పిమాత్రల అడ్డుతెరలవలననో, కంతివలననో ప్రేగు ఇఱుకైనచోట ఆగును. పెక్కుమందికి దానివలన బాధయేమియు కలుగదు. కాని దానిని ఎండోస్కోపుతోనో శస్త్రచికిత్సతోనో తీయవలసి రావచ్చును. ఆగినచోటే జబ్బున్న చోటగుటచే, ఆ శస్త్రచికిత్స కొందఱికి ఎట్లును కావలసినదే.

కావున భోజనముచేసిన కొంతసేపటికి కడుపు మెలిపెట్టుట, ఉబ్బుట, వాంతులగుట, మునుపు కడుపు ఆపరేషనగుట, క్షయ చికిత్స జరుగుట వంటివేవి యున్నను ముందే చెప్పవలెను. అట్టివారికి మొదట సీటీ స్కాను చేయుదురు, లేక కొన్ని గంటలకు తానే కరగు నకిలీ గుళికను మింగించి దారి నిరాటంకమా యని చూతురు. మ్రింగుటయే కష్టమైనవారికి ఎండోస్కోపుతో గుళికను ఆంత్రమూలమున విడిచిపెట్టుట కలదు. గుండెకు పేస్‌మేకరున్నవారు, గర్భిణులు ఆ సంగతి ముందుగా తెలుపవలెను. గుళిక బయటికి పోయినదని నిశ్చయమగువఱకు ఎమ్మారై స్కాను చేయించుకొనరాదు. ఈ నిషేధము అన్నిటికంటె ముఖ్యమైనది. గుళికను చూడనిచో, రెండు వారముల పిదప ఒక ఎక్స్‌రే తీసిన తెలిసిపోవును.

కనుగొన్న తరువాత

గుళిక చూచునేకాని తాకదు. ముక్క తీయజాలదు, రక్తమును ఆపజాలదు. దోషమెచ్చటనున్నదో తెలిపి దారి చూపుటయే దాని పని. ఆ దారిన పోవుటకు జపానుదేశపు వైద్యుడు హిరొనోరి యమమోతో 2001లో ప్రకటించిన రెండు బుడగల ఎండోస్కోపు ఉపకరించుచున్నది. బుడగలను ఒకదానివెనుకనొకటి ఊదుచు ప్రేగును చేతికఱ్ఱపై అంగీ మడతలవలె గొట్టముపైకి ముడుచుకొనుచు లోనికి పోవుదురు. దోషము మొదటి భాగముననున్న నోటినుండి, చివరి భాగముననున్న క్రిందినుండి పంపుదురు. ఏవైపునుండి పంపవలెనో గుళిక ప్రయాణకాలమే చెప్పును.

చిట్లు రక్తనాళములను ఆర్గాను వాయువుతో మాడ్చుదురు. కాని అవి మరల మరల పుట్టు స్వభావము కలవి. అందుచే ఐరన్ చికిత్స, రక్తపరీక్షలు చాలకాలము సాగవలెను. ఇందులకు మందులును పరీక్షింపబడుచున్నవి. 2023లో చైనాదేశమున 150 మంది రోగులపై జరిపిన పరిశీలనయందు థాలిడోమైడ్ నాలుగునెలలు వాడినవారిలో రక్తస్రావములు గణనీయముగా తగ్గినవి. 1961లో గర్భస్థశిశువుల అవయవములను వికలము చేసినదని లోకమంతట బహిష్కృతమైన మందే ఇది. నరములు తిమ్మిరెక్కుట మున్నగు బాధలు దీనికి కలవు; గర్భము ధరింపగల స్త్రీలకు మహాప్రమాదము. నిపుణుని చేతిలోనేకాని ఇది ఉండదగినది కాదు. క్షయకు క్షయ మందులు, కంతికి శస్త్రచికిత్స, నొప్పిమాత్రల పుండ్లకు ఆ మాత్రలు మానుట. మానినవారిలో పుండ్లు సాధారణముగా మానును.

గుళిక ఏమియు చూపకపోవుటయు జరుగును. పైని చెప్పిన సమీక్షయందు, కానరాని రక్తస్రావముగల రోగులలో నూటికి సుమారు 60 మందిలోనే దోషము బయటపడినది. నూటికి పదునాఱుగురి విషయమున గుళిక పెద్దప్రేగును చేరకమునుపే బ్యాటరీ అడుగంటినది. ఏమియు కానరానపుడు రక్తము ఆగియున్నచో ఐరన్ మాత్రలతో వేచియుండి, హిమోగ్లోబిన్‌ను నియతముగా పరీక్షింపుచుందురు. మలము మరల నల్లబడినను, హిమోగ్లోబిన్ 4 గ్రాములు లేక అంతకు మించి పడిపోయినను రెండవ గుళికను మింగించుటవలన క్రొత్త విషయము తెలియు అవకాశము హెచ్చు. మొదటి పరీక్ష కాగితములను, చిత్రములను రోగి భద్రపఱచుకొని అప్పుడు వెంట తీసికొనిపోవలెను.